హాల్లో నిలిచిన పొగ

ఆయన గొంతు తీసేసిన రోజునే పొగగొట్టం పరీక్షలో పాసైంది.

రెండు కబుర్లూ ఆయన భార్యకు ఆసుపత్రి వరండాలోనే అందాయి. ముందు ఫోన్ మోగింది. అద్దకం ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఆమె కింద పనిచేసే కుర్రాడు. "మేడం, నిన్న గొట్టంలోంచి మీరు తీసిన వడపోత కాగితాల తూకం అయిపోయింది. హద్దులో సగం కూడా లేదు. ఈసారీ గట్టెక్కేశాం" అన్నాడు హుషారుగా. "మంచిది" అందామె. ఫోన్ బ్యాగులో పెట్టుకుంటూ ఉండగానే ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. డాక్టరు మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుని, "గడ్డంతా తీసేశామమ్మా. దాంతోపాటు స్వరపేటికా తీయక తప్పలేదు. ముందే చెప్పాం కదా" అన్నాడు.

ముందే చెప్పారు. చెప్పినప్పుడు ఆమె తలూపింది. ఇప్పుడూ తలూపింది.

"ఏం పని చేస్తారాయన?"

"గుడ్డల అద్దకం ఫ్యాక్టరీలో. స్టెంటర్ ఆపరేటరు, గుడ్డ ఆరబెట్టే మెషిన్ మీద."

"సిగరెట్లూ అవీ?"

"ముట్టరండీ."

"పొగ, నూనె ఆవిరి లాంటివి ఉంటాయా అక్కడ?"

"ఉండకూడదు. పొగంతా గొట్టంలోకి పోతుంది. ఆ గొట్టాన్ని పరీక్ష చేసేది నేనే" అందామె.

డాక్టరు ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. "ఇదే కారణమని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

అది మామూలు గొంతు కాదు. ఫ్యాక్టరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన 'మైకు'. స్టెంటర్ హాల్లో ఫ్యాన్లూ గొలుసులూ బర్నర్లూ కలిసి చేసే రొదలో పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా సగం మాటే వెళ్తుంది. అందుకే అక్కడివాళ్ళు చేతి సైగలతో పని నడుపుకుంటారు. ఆయన మాత్రం మెషిన్ ఈ చివర నిలబడి ఆ చివర ఉన్నవాణ్ణి తిట్టగలడు. తిట్టు పొల్లుపోకుండా చేరుతుంది. "గుడ్డ అంచు ఎక్కించరా అంటే నిద్ర ఎక్కించుకున్నావేంట్రా!" అని ఒక్క కేక పెడితే తడిగుడ్డ కూడా ఉలిక్కిపడి సరిగ్గా నడుస్తుందని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ఇంట్లో ఆ గొంతుకు ఇంకో పని ఉండేది. అత్తయ్యకు చెవుడు. చెవి మిషన్ పెట్టుకుంటే గోల తప్ప మాట వినపడదని దాన్ని డబ్బాతో సహా బీరువాలో పడేసింది. కోడలు ఎంత అరిచినా "ఆఁ? గొణక్కుండా చెప్పవే" అనేది. కొడుకు మామూలుగా మాట్లాడితే చాలు, వంటింట్లోంచి జవాబిచ్చేది. లోకంలో ఏం జరుగుతోందో ఆమెకు కొడుకు నోటి మీదుగానే తెలిసేది. పేపర్లో వార్తలు, పక్కింటి తగాదాలు, కోడలి అలకలతో సహా.

"నా గురించి ఏం చెప్తున్నారక్కడ?" అని భార్య గదిలోంచి అడిగితే, "నీ వంట బాగుందని చెప్తున్నానోయ్. అమ్మ నమ్మట్లేదు" అనేవాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాక అత్తయ్య మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆపరేషన్ సంగతి ఆమెకు చెప్పారు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా చూపించారు. ఆమె చదివి, మడిచి, చీర కొంగుకు ముడేసుకుంది. అయినా రోజూ కొడుకు పెదాలు కదిలినప్పుడల్లా ముందుకు వంగేది. ఒకరోజు కోడలి చెయ్యి పట్టుకుని, "నాకు పూర్తిగా చెవుడొచ్చేసిందే. వాడి మాట కూడా వినపడట్లేదు" అంది.

కోడలు ఆ మాటను సరిదిద్దలేదు.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. ఆయన మెషిన్ మీద, ఆమె ల్యాబ్‌లో. రంగు వేసి ఉతికిన తడిగుడ్డను రెండు అంచులా పిన్నులకు తగిలించి, సాగదీసి పట్టుకుని, వేడిగాలి గదుల గుండా లాగే పొడవాటి మెషినే స్టెంటరు. గుడ్డ ఈ చివర తడిగా వెళ్ళి, ఆ చివర ఇస్త్రీ చేసినట్టు బయటికొస్తుంది. ఆ వేడికి గుడ్డలో ఉన్న నూనె, మెత్తదనం కోసం పట్టించిన మందులు ఆవిరై నీలంపాటి పొగవుతాయి. ఫ్యాన్లు ఆ పొగను లాగి, నీళ్ళ జల్లుతో కడిగే స్క్రబ్బర్‌లోకి తోస్తాయి. కడిగిన గాలి గొట్టంలోంచి పైకి పోతుంది. ఆమె నెలనెలా ఇనుప నిచ్చెన ఎక్కి, గొట్టం చుట్టూ ఉన్న ఇనుప ప్లాట్‌ఫారం మీద నిలబడి, చిన్న రంధ్రంలోంచి సన్నటి గొట్టం లోపలికి దూర్చి, గాలి వేగం చూసి, కొంత గాలిని వడపోత కాగితం గుండా లాగేది. కాగితం ఎంత బరువెక్కితే అంత పొగ. ఈ పని చేస్తుంది కాబట్టి ఆమెను 'ముక్కు మేడం' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఎవరో అడగనక్కర్లేదు. మొగుడే.

నూలు గుడ్డ నడిచినన్నాళ్ళు ఏ చిక్కూ రాలేదు. సింథటిక్ గుడ్డ ఆర్డర్లు మొదలయ్యాక పొగ చిక్కబడింది. స్క్రబ్బర్ పాతది, చిన్నది. ఫ్యాక్టరీ వెనక వీధిలో మేడల మీద ఆరేసిన బట్టలకు జిడ్డు అంటుకుంటోందని, బడిలో కిటికీలు మూసుకుని పాఠాలు చెప్పాల్సి వస్తోందని జనం గేటు దగ్గరికొచ్చారు. ఆమె పరీక్షలు వరసగా తప్పాయి. "ఇంకోసారి తప్పితే కాలుష్య శాఖవాళ్ళు స్టెంటర్‌కు సీలేస్తారు. అసలు మీరు కొలవడంలోనే తేడా ఉందేమో చూసుకోండి" అన్నాడు మేనేజరు అందరి ముందూ. ఆ సాయంత్రం ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చింది. కుళాయి చప్పుడులో ఎవరికీ వినపడదనుకుంది.

ఆ తర్వాతి పరీక్ష పాసైంది. పైనుంచి దిగుతూ ఆమె మెషిన్ దగ్గరికెళ్ళి, "గాలి వేగం బాగా తగ్గిందేంటి ఇవాళ?" అని ఆయన చెవిలో అరిచింది.

"పల్చటి గుడ్డ నడుస్తోంది మేడం గారూ. దీనికి అంత గాలి పెడితే ఎగిరొచ్చి మీ మీద పైటలా పడుతుంది" అన్నాడాయన.

ఆమె నవ్వింది. ఇంకెవరు ఆ మాట చెప్పినా రెండడుగులు వేసి మెషిన్ మీద ఏ గుడ్డ నడుస్తోందో కళ్ళతో చూసుకునేది. చెప్పింది ఆయన కాబట్టి చూడలేదు.

ఆపరేషన్ గాయం మానుతున్న రోజుల్లో సెలవు దొరికినప్పుడల్లా 'పొడుగు' ఇంటికొచ్చేవాడు. అదే మెషిన్ మీద ఇన్నేళ్ళూ ఆయనకు రెండో మనిషి. ఇప్పుడు ఆయన చోట నిలబడుతున్నాడు. గుమ్మంలో తల వంచుకుని లోపలికొస్తూనే, "అన్నా, నువ్వు లేక హాలంతా ప్రశాంతంగా ఉంది. గుడ్డలు కూడా హాయిగా నిద్రపోతున్నాయి" అనేవాడు. ఆయన నవ్వేవాడు. నవ్వు కూడా మెడ దగ్గరి రంధ్రంలోంచి ఉత్త గాలిగా వచ్చేది.

హాల్లో సైగల అవసరం ఎన్నడూ పడని మనిషికి ఇప్పుడు సైగలు నేర్పే బాధ్యత పొడుగు తీసుకున్నాడు.

"చూడన్నా. పిడికిలి ఇలా పెడితే గొలుసు ఆపమని. అరచెయ్యి ఇలా ఊపితే వేడి పెంచమని. బొటనవేలు నోటి దగ్గరికెళ్తే టీ. నువ్వు ఈ చివరిది నేర్చుకుంటే చాలు, సంసారం నడిచిపోతుంది."

ఆమె అప్పుడే టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతోంది. అత్తయ్య స్టూలు మీద కూర్చుని ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఇక ఇది" అని పొడుగు మణికట్టు గిర్రున తిప్పాడు. "డాంపర్ మూయమని. ఇది నీకు రాదంటే ఒప్పుకోను. దీన్ని కనిపెట్టిందే నువ్వు కదా! వదిన నిచ్చెన ఎక్కుతోందనగానే..."

ఆయన నోరు తెరిచాడు. పూర్తిగా, హాలు ఆ చివరికి కేక వేసేటప్పుడు తెరిచినట్టే తెరిచాడు. ఏమీ రాలేదు. పొడుగు ఆమె వైపు తిరిగి ఉన్నాడు, చూడలేదు.

"...ఇలా తిప్పేవాడు వదినా, నేను పరిగెత్తి హ్యాండిల్ వెనక్కి లాగేవాణ్ణి. నువ్వు దిగేదాకా ఇద్దరం ఆ పొగలో..."

గ్లాసు బల్ల మీంచి కిందపడి పగిలింది. ఆయనే తోసేశాడు. టీ నేలంతా పారింది. పొడుగు అప్పుడు చూశాడు ఆయన మొహం.

"డాంపర్ మూయడమేంటి?" అందామె.

"నీకు... నీకు తెలీదా వదినా?"

ఆమెకు వివరించనక్కర్లేదు. డాంపర్ అంటే గొట్టంలో గాలిదారికి అడ్డుగా ఉండే రేకు. సగం మూస్తే స్క్రబ్బర్‌కు పొగ తక్కువ వెళ్తుంది. తక్కువ వెళ్తే చక్కగా కడుగుతుంది. గొట్టం శుభ్రం. లాగని పొగంతా గుడ్డ లోపలికి దూరే చోటా బయటికొచ్చే చోటా హాల్లోకి పొంగుతుంది. గుడ్డ బయటికొచ్చే చోట నిలబడేది ఆపరేటరు.

"పరీక్ష రోజునేనా?" అని అడిగింది.

"మొదట్లో అంతే." పొడుగు నేల చూస్తూ చెప్పాడు. "తర్వాత మేనేజర్ కనిపెట్టాడు. తిడతాడనుకున్నాం. బాగుందే, ఇదిలాగే ఉండనివ్వండి అని ఆ హ్యాండిల్‌కు బోల్టు బిగించాడు. అన్న తీసేయమని గొడవపడ్డాడు. మొదలెట్టింది నువ్వే కదా, ఇప్పుడు పొగ ఊరి మీదికొదిలితే మీ ఆవిడ కాగితాలన్నీ అబద్ధమని తేలుతుంది, నీ ఇష్టం అన్నాడు. అప్పట్నుంచీ అంతే వదినా."

"ఏమైందే? గ్లాసెందుకు పగిలింది?" అని అత్తయ్య అడిగింది.

పొడుగు వెళ్ళాక ఆమె గాజు పెంకులు ఏరింది. నేల తుడిచింది. చేతులు కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఎందుకండీ?"

ఆయన ఆమెను చూపించాడు. తన కంటి కింద వేలు పెట్టి చెంప మీదుగా కిందికి దించాడు. ఒక చెంప, తర్వాత రెండోది. గిన్నె తోమినట్టు చెయ్యి తిప్పాడు.

కుళాయి చప్పుడులోనూ వినపడిందన్నమాట.

"అందుకని ఆ పొగంతా మీరు పీల్చారా?"

ఈగను తోలినట్టు చెయ్యి విదిలించాడు. నాకేమవుతుందిలే అన్నట్టు. ఒకప్పుడు అలాగే అనుకుని ఉంటాడు. విదిలించిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయి ఒళ్ళో పడింది.

"రేపే వెళ్ళి చెప్పేస్తాను. ఆ బోల్టు తీయిస్తాను."

ఆయన చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆమె గుండె మీద వేలు ఆనించి, గాల్లో సంతకం పెట్టి చూపించాడు. నీ సంతకాలు. నువ్వు మునుగుతావు. మరి అతనో అన్నట్టు గుమ్మం వైపు, పొడుగు వెళ్ళిన వైపు ఆమె చూపిస్తే కళ్ళు మూసుకున్నాడు. దానికి ఆయన దగ్గర సైగ లేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆమె చివరికి "చెప్పన్లెండి" అన్నాకే పట్టు సడలించాడు.

జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందని వానాకాలం మొదట్లో తెలిసింది. వానలు వెలిసేలోపు ఆయన పోయాడు. పగలే, ఇంట్లోనే, తల్లి ఒకవైపు భార్య ఒకవైపు ఉండగా. చివర్లో పెదాలు కదిలాయి. ఆమెకు అర్థం కాలేదు. అత్తయ్య కోడలి భుజం పట్టి కుదుపుతూ, "ఏమన్నాడే? వాడు ఏమన్నాడు?" అని అడిగింది.

"ఏమీ అనలేదత్తయ్యా."

"ఆఁ?"

"ఏమీ అనలేదు!" అని అరిచింది. ఆ ఇంట్లో అంత గట్టిగా ఆమె ఎన్నడూ అరవలేదు. అత్తయ్యకు ఆ మాట వినపడింది.

మళ్ళీ పనిలోకి వెళ్ళినరోజు ఆమె ముందు ల్యాబ్‌కు వెళ్ళలేదు, స్టెంటర్ హాలుకు వెళ్ళింది. హాలు ఈ చివర నుంచి చూస్తే ఆ చివర ఉన్న మనుషులు మసకగా, నీళ్ళలో ఉన్నట్టు కనిపించారు. ఇన్నాళ్ళూ దాన్ని తడిగుడ్డ ఆవిరి అనుకుంది. గోడల మీద, ఫ్యాన్ రెక్కల మీద, టీ గ్లాసులు పెట్టుకునే బల్ల మీద గోధుమరంగు జిడ్డు. వేలితో గీస్తే గోరు కింద ఇరుక్కుంది.

గుడ్డ బయటికొచ్చే చోట, ఆయన నిలబడే చోటనే పొడుగు నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి, రొద తగ్గే గుమ్మం బయటికి తీసుకొచ్చాడు. "బాగున్నావా వదినా?" అన్నాడు. గొంతు గరగరలాడింది.

"గొంతేమైంది?"

"జలుబు."

"ఎప్పట్నుంచి?"

"జలుబుకి పుట్టినరోజు ఎవరు గుర్తుపెట్టుకుంటారు వదినా?" అని నవ్వబోయి దగ్గాడు.

ఆయన గొంతూ మొదట ఇలాగే గరగరలాడింది. కేకలెక్కువయ్యాయిలే అని వేణ్ణీళ్ళు పుక్కిలించమంది తను. మాట ఇచ్చింది నిజమే. ఎవరికిచ్చిందో ఆ మనిషికి ఇక ఏ హానీ లేదు. ఆ మాట నిలబెట్టుకుంటే పోయేది ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి గొంతు. మాట తప్పితే చెడేది మట్టిలో కలిసిన మనిషి పేరు. ఏది చేసినా ఆయనకు ద్రోహమే అనిపించింది.

పరీక్ష రోజు వచ్చింది. నిచ్చెన ఎక్కే ముందు పొడుగును పిలిచింది.

"స్పానర్ తీసుకురా. ఆ బోల్టు తీసెయ్యి."

"మేనేజరు నా తోలు తీస్తాడు."

"నేను తీయమన్నానని చెప్పు."

"వదినా, అన్న వద్దన్నాడు కదా నిన్ను."

"అన్నారు" అందామె. "తీసెయ్యి."

బోల్టు జిడ్డుకు పట్టేసి ఉంది. పొడుగు రెండు చేతులతో వేలాడితే గానీ కదల్లేదు. హ్యాండిల్ ముందుకు తోయగానే ఫ్యాన్ల రొద మారింది, గొంతు సవరించుకున్నట్టు. ఆమె నిచ్చెన సగం ఎక్కేసరికి కింద హాలు గుమ్మంలో నిలబడి ఎవరో, "ఒరేయ్, ఆ గోడకి గడియారం ఉందిరా! ఇన్నాళ్ళూ నన్ను టైమెంతని అడిగి చంపారు కదరా!" అనడం, మిగతావాళ్ళు నవ్వడం వినిపించింది.

పైన ప్లాట్‌ఫారం మీద గాలి విసురుకు ఆమె కమ్మీ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. గొట్టం నోట్లోంచి నీలి పొగ లావుగా వచ్చి, వెనక వీధి మీదికి వాలింది. ఒక మేడ మీద ఒకావిడ పరిగెత్తుకొచ్చి తాడు మీది బట్టలు గబగబా లాగేసుకుంది. బడి కిటికీలు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఆమె అన్నీ చూసింది. అప్పట్లో ఆ వీధి గాలి తేటపడిందని పేపర్లో వేసినప్పుడు ఆయన ఆ వార్తను అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాడు, మధ్యలో కోడలి పేరు తనే కలిపి. ఆమె కొలవడం ఆపలేదు. బయటికి తీసిన కాగితం తేనెపూసినట్టు పసుపుపచ్చగా, వేలికి అంటుకునేలా ఉంది. తూకం వేయకముందే తెలిసిపోయింది.

తూకం వేసి, మేనేజరు గదికి వెళ్ళింది. ఉన్నదున్నట్టు చెప్పింది. డాంపర్ సంగతి, బోల్టు సంగతి, తను ఇన్నాళ్ళూ గాలి వేగం తగ్గడం చూసి కూడా పట్టించుకోకపోవడం.

మేనేజరు అరవలేదు. అలసిపోయిన మనిషిలా కుర్చీ చూపించాడు.

"కూర్చోమ్మా. ఇది పైకి పంపిస్తే వాళ్ళు అడిగే మొదటి మాట ఏంటో తెలుసా? ముందు డాంపర్ మూసిందెవరు అని. నేను అబద్ధం చెప్పలేను."

"బోల్టు వేయించిందెవరనీ అడుగుతారు కదండీ."

"అడుగుతారు. చెప్తాను. కానీ నేను బతికున్నాను, నా తరఫున నేను మాట్లాడుకుంటాను. ఆయన తరఫున ఎవరు మాట్లాడతారు?"

"నేను."

"నువ్వు ఆయన భార్యవి. ఆ సంతకాలన్నీ నీవి. నీ మాట ఎవరు నమ్ముతారమ్మా?" ఆ మాట అతను కటువుగా అనలేదు.

"నమ్మొద్దండీ. వచ్చి కొలుచుకోమనండి. గొట్టంలో కాదు, హాల్లో. గుడ్డ బయటికొచ్చే చోట."

ఆమె పంపిన లెక్క చూసుకుని కాలుష్య శాఖవాళ్ళు వచ్చారు. ఇద్దరు. గొట్టం ఎక్కారు, డాంపర్ చూశారు, అందరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. పొడుగు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బోల్టు సంగతీ, అన్న గొడవపడిన సంగతీ చెప్పాడు. వాళ్ళు హాలు గుమ్మం దాకా వచ్చి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నప్పుడు ఆమె అడిగింది, "ఇక్కడి గాలి కొలవరా?"

"ఇది మా కిందికి రాదమ్మా. మాది గొట్టం దాకానే. లోపలి గాలి వేరే శాఖ చూస్తుంది. వాళ్ళకు దరఖాస్తు పెట్టుకోండి."

నిర్ణయం వచ్చింది. చనిపోయిన ఆపరేటరు పరీక్షల సమయంలో డాంపర్‌ను తారుమారు చేశాడని, మేనేజరు దాన్ని కొనసాగించాడని తేల్చారు. మేనేజరును ఇంకో ఫ్యాక్టరీకి మార్చారు. ఆమె చేసిన పరీక్షలన్నీ చెల్లవన్నారు. ఇకమీదట గొట్టం పరీక్ష బయటివాళ్ళు చేస్తారు. ఆమెను రంగుల శాంపిళ్ళు సరిచూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ పెద్ద స్క్రబ్బర్ పెట్టుకోవాలని గడువిచ్చారు. పెట్టుకునేదాకా గొట్టం మాత్రం హద్దు దాటకూడదన్నారు. హద్దు దాటకుండా ఉండాలంటే దారి ఒక్కటే. కొత్త మేనేజరు డాంపర్ మళ్ళీ సగానికి మూయించాడు. ఈసారి బోల్టు లేదు, అందరికీ తెలిసేలా బోర్డు పెట్టారు. హాల్లోవాళ్ళకు మూతికి కట్టుకోవడానికి గుడ్డలిచ్చారు.

బోర్డు పెట్టిన రోజు సాయంత్రం గేటు దగ్గర ఒక పాత పనివాడు ఆమెకు అడ్డం వచ్చాడు. మైకుతో కలిసి ఎన్నో షిఫ్టులు చేసినవాడు.

"చచ్చిపోయినవాడి మీదికి తోసేశావు కదమ్మా. వాడు నీకోసం చేశాడు. నువ్వు వాడికిది చేశావు."

పొడుగు ముందుకొచ్చి ఏదో అనబోయాడు. వద్దని ఆమె చెయ్యి పట్టి ఆపింది. ఆ మనిషి చెప్పినదాంట్లో ఆమె కాదనగలిగింది ఏదీ లేదు. మర్నాడు పొద్దున పనికి వెళ్ళేటప్పుడు అదే మనిషి మూతిగుడ్డ మెడకు జార్చుకుని గేటు పక్కన దగ్గుతూ కనిపించాడు. ఆమె ఆగి, తన నీళ్ళసీసా మూత తీసి అందించింది. అతను తాగాడు. సీసా తిరిగిచ్చేటప్పుడు మొహం చూడలేదు.

లోపలి గాలి చూసే శాఖకు ఆమె దరఖాస్తు పెట్టింది. అందిందని రసీదొచ్చింది. కొన్ని వారాలాగి మళ్ళీ పెట్టింది. మళ్ళీ రసీదొచ్చింది. ఒకరోజు సెలవు పెట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్ళింది. "కొలిచే పరికరం బాగుచేయడానికి పంపాం. రాగానే మీదే మొదలు" అన్నాడు అక్కడి గుమాస్తా మర్యాదగా, కుర్చీ కూడా చూపించి.

పొడుగును బలవంతాన అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, రమ్మన్నాడు. "షిఫ్టు మారాక వెళ్తాలే వదినా" అన్నాడు పొడుగు. షిఫ్టు మారింది. మళ్ళీ మారింది.

ఇంట్లో అత్తయ్య ఒక్కోసారి, "వాడి గురించి ఫ్యాక్టరీలో ఏమనుకుంటున్నారే?" అని అడుగుతుంది. ఆమెకు చెప్పాలంటే వీధి వీధంతా వినేలా అరిచి చెప్పాలి. కాగితం మీద రాసి చూపిద్దామని ఒకసారి కలం తీసింది. అత్తయ్య కొంగుకు ఇంకో కాగితం ముడేసుకోవడం తలుచుకుని కలం మూత పెట్టేసింది. "మంచివాడనుకుంటున్నారు" అని ఆవిడ అరచేతిలో చెయ్యి వేసి పెదాలు కదిపింది. ఆవిడకు అర్థమైందో లేదో తెలియదు.

పెద్ద స్క్రబ్బర్ ఇంకా రాలేదు. డాంపర్ సగానికే ఉంది. హాల్లో గాలిని ఇంతవరకూ ఎవరూ కొలవలేదు.